గుడ్డు ఎన్నాళ్ళు ఆగుతుంది?

బాతు రోజుకు ఒక్క గుడ్డే పెట్టగలదు. గూట్లో పది గుడ్లు చేరాలంటే పది పన్నెండు రోజులు పడుతుంది. అయినా పిల్లలు మాత్రం ఒక రోజు అటూ ఇటూగా అన్నీ కలిసే బయటికొస్తాయి. అలా రాకపోతే వాటికి బతుకు లేదు. కాకి పిల్లల్లాగా, పిచ్చుక పిల్లల్లాగా గూట్లో నోరు తెరుచుకుని కూర్చుంటే అమ్మ తెచ్చి పెట్టే జాతి కాదు బాతుది. పుట్టిన మర్నాడో ఆ మర్నాడో తల్లి వెనక నీళ్ళకు నడిచిపోవాలి, తిండి తామే ఏరుకోవాలి. మొదటి గుడ్డు ముందు పిగిలి, చివరి గుడ్డు పది రోజుల తర్వాత పిగిలితే తల్లి పెద్దవాటిని వెంటబెట్టుకుని నీళ్ళకు పోవాలా, చిన్నవాటి కోసం గూట్లో ఉండిపోవాలా?

ఈ చిక్కు తీరేది ముందు పెట్టిన గుడ్లు ఆగడం వల్లే. గూడు దాదాపు నిండేదాకా తల్లి వాటి మీద గట్టిగా కూర్చోదు. వెచ్చదనం అందని గుడ్డులో పెరుగుదల సాగదు. ఆఖరి గుడ్డు పడ్డాక తల్లి స్థిరపడుతుంది, అప్పుడు అన్ని గుడ్లకూ ఒకే రోజు ఒకటో రోజు అవుతుంది. అక్కడి నుంచి మామూలు బాతుకు 28 రోజులు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మస్కోవీ బాతు వేరే జాతి, దానికి 35 దాకా పడుతుంది.

గుడ్డు ఇలా ఆగుతుంది గనకే మనిషికి ఒక వ్యాపారం కుదిరింది. గుడ్లను అట్టపెట్టెలో సర్ది, వందల మైళ్ళ దూరం పంపి, అక్కడ ఏ సంబంధమూ లేని మరో బాతు కింద పెట్టి పిల్లల్ని లేపించడం ఆ వ్యాపారం. అమెరికాలో ఇది ఇంటి పెరళ్ళ స్థాయిలో చాలా మామూలు వ్యవహారం. అక్కడి తపాలా శాఖ 1913 జనవరి 1న పార్సిల్ సేవ మొదలుపెట్టింది. పల్లెల నుంచి పట్నాలకు గుడ్లు పంపడం రైతులు అప్పుడే అందుకున్నారు. తినే గుడ్డు పగలకుండా చేరితే చాలు. పొదిగించే గుడ్డు పగలకుండా చేరినా చచ్చి చేరవచ్చు, ఆ సంగతి పెంకు మీద కనపడదు.

అసలు పెట్టిన గుడ్డులో ఏముంటుంది? చాలామంది అనుకునేట్టు అందులో ఉన్నది ఒకే ఒక్క కణం కాదు. గుడ్డు తల్లి కడుపులోని గొట్టంలో దాదాపు ఒక రోజంతా ప్రయాణం చేస్తుంది. తెల్లసొన చుట్టుకునేది, పెంకు గట్టిపడేది అక్కడే. లోపల తల్లి వేడి 41 డిగ్రీల దాకా ఉంటుంది కాబట్టి ఆ ఒక్క రోజులోనే పిండం ముక్కలు ముక్కలుగా విడిపోతూ, గుడ్డు బయటపడే వేళకు వేల కణాల పలచని బిళ్ళ అవుతుంది. కోడిగుడ్డు మీద లెక్కలు బాగా జరిగాయి: అందులో ఆ క్షణానికి నలభై, యాభై వేల కణాలుంటాయి. పచ్చసొన మీద నాలుగు మిల్లీమీటర్ల వెడల్పున, అంచు తెల్లగా, మధ్య కాస్త పారదర్శకంగా కనిపించే చుక్క అదే. బయటి చల్లగాలి తగలగానే ఆ బిళ్ళ ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. చావలేదు, పెరగడమూ లేదు.

ఏ వేడి దగ్గర ఆగుతుంది? 1902లో చార్లెస్ లింకన్ ఎడ్వర్డ్స్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు కోడిగుడ్లను రకరకాల వేడిమిలో ఉంచి చూసి, 20, 21 డిగ్రీల దగ్గర గీత గీశాడు. దానికి దిగువన పెరుగుదల సున్నా అన్నాడు. తర్వాత వచ్చినవాళ్ళు ఆ గీతను అటూ ఇటూ జరిపారు, కొందరి లెక్కలో అది 28 దాకా పోయింది. గీత ఒక్కచోటే లేకపోవడంలోనే అసలు ప్రమాదముంది. పూర్తిగా నిద్రపోయే వేడికీ, సక్రమంగా పెరిగే 37, 38 డిగ్రీలకూ మధ్య ఒక పెద్ద మసక ప్రాంతం ఉంది. అక్కడ పిండం సగం మేలుకుంటుంది. కొన్ని కణాలు ముందుకు పోతాయి, కొన్ని వెనకబడతాయి, ఒక అవయవానికీ మరో అవయవానికీ పొత్తు కుదరదు. ఇలా రెండు మూడు రోజులు గడిచిన గుడ్డును ఎంత మంచి పెట్ట కింద పెట్టినా రక్తనాళాలు నాలుగు గీతలు వేసి అక్కడితో ఆగిపోతుంది.

మన రోహిణీ కార్తెలో నీడపట్టున ఉన్న గుడ్డుకు కూడా ఈ మసక ప్రాంతం తప్పదు. ఇక మధ్యాహ్నమంతా ఎండలో నిలబడిన బస్సు డిక్కీలో ప్రయాణం చేసిన గుడ్డు సంగతి చెప్పేదేముంది? అందుకే తెలుగు నేల మీద గుడ్లు తెప్పించుకునేవాళ్ళు చలికాలంలోనే ఆ పని పెట్టుకోవడం తెలివి. కోళ్ళ పరిశ్రమలో గుడ్లను 13 నుంచి 18 డిగ్రీల మధ్య దాస్తారు. ఫ్రిజ్ అంతకన్నా చాలా చల్లన, అది కూడా పనికిరాదు.

వేడితోపాటు రోజుల లెక్క కూడా ఉంది. వారం దాకా గుడ్డుకు పెద్ద నష్టం ఉండదు. ఆ తర్వాత రోజురోజుకూ లేచే పిల్లల సంఖ్య పడిపోతూ పోతుంది. ఈ వారం, పది రోజుల గడువు ఎక్కడి నుంచి వచ్చిందని నాకు ఆశ్చర్యం లేదు. అడవి బాతు గూట్లో మొదటి గుడ్డు చివరి గుడ్డు కోసం ఎన్నాళ్ళు ఎదురుచూస్తుందో, ఇంచుమించు అన్నాళ్ళే. గుడ్డు ఓపిక గూటి అవసరానికి సరిపడా ఉంది, అంతకు మించి లేదు. అమ్మేవాడు నాలుగు రోజులు పోగేసి, పార్సిల్ దారిలో మూడు రోజులు పట్టి, కొన్నవాడు బాతు ఇంకా పొదుగుకు రాలేదని మరో మూడు రోజులు ఉంచితే ఆ ఓపిక ఖర్చయిపోయినట్టే.

ఇంత కష్టపడి గుడ్లను ఊళ్ళు దాటించడం ఎందుకు? ఎక్కువ గుడ్లు పెట్టే జాతులు పొదగడం మరిచిపోయాయి కాబట్టి. ఇంగ్లండులోని గ్లాస్టర్‌షైర్‌లో, ఊలీ అనే ఊళ్ళో ఉండే అడెల్ క్యాంప్‌బెల్ అనే గృహిణి 1898లో కొత్త రకం బాతును బయటపెట్టింది. ఇండియన్ రన్నర్ పెట్టను రూయెన్ మగబాతుతో దాటించి, ఆ సంతతిలో మల్లార్డ్ అనే అడవి బాతు రక్తం కలిపింది. 1901 నాటికి అదే ఖాకీ క్యాంప్‌బెల్ అయింది. మంచి మందలో ఒక్కో పెట్ట ఏడాదికి 300 గుడ్ల దాకా పెడుతుంది. ఏడాదికి 300 గుడ్లు పెట్టే పక్షికి నెలరోజులు కదలకుండా కూర్చునే తీరిక ఎక్కడిది? పొదుగుకు వచ్చిన పెట్ట గుడ్లు పెట్టడం మానేస్తుంది. అందువల్ల ఎక్కువ గుడ్లు పెట్టేవాటినే తరతరాలుగా ఎంచుకుంటూ పోయినవాళ్ళు, తెలిసో తెలియకో, పొదుగును కూడా ఆ జాతుల్లోంచి తోసేశారు. మన దేశంలో బెంగళూరు దగ్గర హెసరఘట్టలో ఉన్న కేంద్ర ప్రభుత్వ క్షేత్రం ఈ ఖాకీ క్యాంప్‌బెల్‌నే పెంచి రైతులకు అందించింది. ఇలాంటి బాతు గుడ్డు పిల్ల కావాలంటే యంత్రమైనా ఉండాలి, ఇంకో పక్షి కడుపైనా ఉండాలి.

పార్సిల్ రాగానే చేయాల్సిన మొదటి పని ఏమీ చేయకపోవడం. చల్లటి గుడ్డును ఒక్కసారిగా తేమగాలిలోకి తీస్తే పెంకుకు చెమట పడుతుంది, ఆ తడితోపాటు రంధ్రాల్లోంచి సూక్ష్మజీవులు లోపలికి పోతాయి. పెట్టె మూత తీసి గది వేడికి నెమ్మదిగా రానివ్వాలి. బాతుగుడ్ల మీద బురద మరకలుంటాయి, వాటిని కడగాలనిపిస్తుంది. కడగకూడదు. పెంకు మీద మైనంలాంటి సన్నని పూత ఉంటుంది, అది పోతే కాపలా పోయినట్టే. ఎండిన మట్టిని పొడిగుడ్డతో రాల్చేస్తే చాలు.

తర్వాత చీకటి గదిలో గుడ్డు మొద్దు కొసకు టార్చి ఆనించి చూడాలి. కొత్తగా పెట్టిన గుడ్డులో అక్కడ చిన్న నాణెమంత గాలి గది కనిపిస్తుంది. తల్లి కడుపులో ఇది ఉండదు. గుడ్డు బయటపడి చల్లారేటప్పుడు లోపలి పదార్థం కుంచించుకుంటుంది, ఆ ఖాళీలోకి గాలి చొరబడుతుంది. పెంకు లోపల రెండు పొరలుంటాయి, మొద్దు కొస దగ్గర అవి ఒకదాన్నుంచి ఒకటి విడిపోయి మధ్యలో ఆ గది ఏర్పడుతుంది. సక్రమమైన గుడ్డును అటూ ఇటూ వంచితే గాలి గది అంచు కదలదు, పెన్సిలుతో గీసినట్టు ఉంటుంది. ప్రయాణం చేసిన గుడ్డులో చాలాసార్లు ఆ అంచు జారిపోతుంది. వంచిన వైపల్లా గాలి తాపీమేస్త్రీ రసమట్టంలోని బుడగలా పరుగెత్తుతుంది. లారీ కుదుపులకూ, పెట్టెను గిరాటు వేసిన విసుర్లకూ లోపలి పొర బయటి పొర నుంచి ఊడిపోయిందన్నమాట. మరికొన్నిటిలో గాలి గది ఒక పక్కకు కిందిదాకా సాగి, గుర్రపు జీనులా కనిపిస్తుంది.

గాలి గదితోపాటు పచ్చసొన కూడా దెబ్బతింటుంది. దాన్ని రెండు కొసల నుంచీ మెలితిరిగిన తెల్లటి తాళ్ళు మధ్యలో నిలబెట్టి ఉంచుతాయి. గుడ్డు ఎటు తిరిగినా పిండం ఉన్న వైపు తేలికగా ఉండి పైకే తిరిగేలా ఉంటుంది ఆ అమరిక. గంటల తరబడి అదిరితే చిక్కటి తెల్లసొన నీళ్ళవుతుంది, తాళ్ళు బలహీనపడతాయి, పచ్చసొన పోయి పెంకును తాకుతుంది. విమానంలో గాలి ఒత్తిడి నేల మీద ఉన్నదాంట్లో ముప్పాతిక వంతుకు తగ్గుతుంది, గదిలోని గాలి వ్యాకోచించి రంధ్రాల గుండా బయటికి పోతుంది, దిగాక మళ్ళీ చొరబడుతుంది. అంటే అప్పటికే ఊడిన పొరకు ఇంకో కుదుపు. విమానాశ్రయంలో తీసే ఎక్స్‌రేను తిట్టేవాళ్ళున్నారు గానీ, ఆ కిరణాల మోతాదు చాలా స్వల్పం. దోషం ఎక్కువగా రోడ్డుదీ, గిరాటు వేసే చేతులదీ.

మొన కిందికి, మొద్దు కొస పైకి పెట్టి ఒక రోజంతా కదలకుండా ఉంచితే గాలి గది కొంతవరకు తన చోటికి చేరుతుంది, తెల్లసొన సర్దుకుంటుంది. పూర్తిగా ఊడిన పొర మాత్రం మళ్ళీ అతుక్కోదు. ఇక్కడ తల్లి గొప్పదా, యంత్రం గొప్పదా అనే వాదన తెచ్చేవాళ్ళకు నేను చెప్పే జవాబు కొంచెం చేదుగా ఉంటుంది. ఈ ఒక్క విషయంలో యంత్రానిదే పైచేయి. దాంట్లో గుడ్డును నిలువుగా నిలబెట్టి మొదటి కొద్దిరోజులు కదపకుండా ఉంచొచ్చు. బాతు కింద గుడ్డు అడ్డంగానే పడుకుంటుంది. ఆ గుడ్డు దెబ్బతిని వచ్చిందని బాతుకు తెలియదు కాబట్టి, మిగతావాటితోపాటు దాన్నీ తిప్పుతుంది. దారిలో జరిగిన నష్టాన్ని పూడ్చే విద్య ఏ తల్లి దగ్గరా లేదు. అందుకే అనుభవమున్నవాళ్ళు గాలి గది బాగా చెదిరిన గుడ్లను ముందు యంత్రంలో నిలబెట్టి, తర్వాత బాతు కిందికి మారుస్తారు. తెప్పించుకున్న గుడ్లలో సగం లేస్తే అదృష్టమని పెంపకందారులు చెప్పుకునే మాట ఊరికే పుట్టలేదు.

ఇక బాతు సంగతి. పొదుగుకు వచ్చిన బాతును గుర్తుపట్టడానికి పుస్తకం అక్కర్లేదు. గూటి దగ్గరికి పోతే లేచి పారిపోదు. నేలకు అతుక్కుపోయినట్టు పరుచుకుని, మెడ చాచి, ఈకలు నిక్కించి బుస కొడుతుంది. చెయ్యి పెడితే ముక్కుతో పట్టి మెలిపెడుతుంది. గూడంతా మెత్తటి బూరు పరుచుకుని ఉంటుంది. ఆ బూరు అది తన రొమ్ము నుంచే పీక్కున్నది. అక్కడ బయటపడిన చర్మం కింద రక్తనాళాలు దట్టంగా ఉంటాయి, వేడి నేరుగా గుడ్డుకు తగులుతుంది. రోజుకు ఒకటి రెండుసార్లు మాత్రమే లేస్తుంది. లేచినప్పుడు గూటికి కాస్త దూరంగా పోయి ఒక పెద్ద రెట్ట వేస్తుంది, దాని కంపు ముక్కు మూసుకున్నా వదలదు. గబగబా తిని, నీళ్ళలో మునిగి, మళ్ళీ వచ్చి కూర్చుంటుంది.

ఇదంతా చేయించేది మెదడు కింద ఉండే చిన్న గ్రంథి విడుదల చేసే ప్రోలాక్టిన్. అమెరికాలో ఆస్కార్ రిడిల్ బృందం 1930ల తొలి ఏళ్ళలో పావురాల మీద పనిచేస్తూ ఈ హార్మోనును పట్టుకుని ఆ పేరు పెట్టింది. 1935లో కోడిపెట్టలకు అదే ఎక్కించి, పొదుగు రాని పెట్టల చేత పొదుగు పట్టించారు. దీనిలో పొదిగించేవాడికి పనికొచ్చే సంగతి ఒకటుంది: పొట్ట కింద గుడ్లు తగులుతున్నంత కాలమే ప్రోలాక్టిన్ ఎత్తున నిలబడుతుంది. గూడు ఖాళీ చేస్తే పడిపోతుంది. పార్సిల్ ఇంకా దారిలో ఉండగా బాతు కూర్చుంటే, దాని కింద చెక్క గుడ్లో, పింగాణీ గుడ్లో పెట్టి ఉంచే పద్ధతికి కారణం అదే. బాతు మోసపోవడం ఒక్కటే కాదు, దాని ఒంట్లో హార్మోను నిలుస్తోంది. నిజం గుడ్లు చేరాక రాత్రి చీకట్లో ఒక చేత్తో తీస్తూ ఇంకో చేత్తో పెడితే చాలు. అన్నీ ఒకేసారి పెట్టాలి. రోజుకు రెండు చొప్పున పెడుతూ పోతే, బాతు జాతి ఎంతో కష్టపడి తప్పించుకున్న చిక్కును మనమే మళ్ళీ తెచ్చిపెట్టినట్టు.

బాతు తన గుడ్డునూ పరాయి గుడ్డునూ వేరుచేసి తోసేయదు. ఈ మెతకదనాన్ని వాడుకునేవాళ్ళు మనుషులకు ముందే ఉన్నారు. దక్షిణ అమెరికాలో నల్లతల బాతు అనే జాతి అసలు గూడే కట్టదు, అన్ని గుడ్లూ వేరే పక్షుల గూళ్ళలో పెట్టి పోతుంది. దాని పిల్ల ఒకటి రెండు రోజుల్లోనే పెంపుడు తల్లిని వదిలి తన దారిన పోతుంది. మన పల్లెల్లో పొదుగు పట్టిన నాటుకోడి కింద బాతుగుడ్లు పెట్టడం కూడా ఇలాంటి పనే. కోడికి తన లెక్క 21 రోజులే అయినా, గుడ్లు తగులుతున్నంత కాలం మరో వారం కూర్చుంటుంది. బాతుగుడ్డు పెద్దది, బరువైనది కాబట్టి కోడి దాన్ని సరిగా తిప్పలేకపోతే మనిషి చెయ్యి వేయాలి. నీళ్ళలో మునిగి రాదు గనక చివరి రోజుల్లో గుడ్ల మీద గోరువెచ్చని నీళ్ళు చిలకరిస్తారు. పిల్లలు పుట్టి చెరువులోకి దిగితే గట్టు మీద ఆ కోడి పడే గాభరా ఊళ్ళో అందరికీ వినోదం.

బాతు కింద గుడ్డుకు అందే వేడి యంత్రంలోలా అన్ని వైపులా సమానంగా ఉండదు. పైన పొట్ట తగిలే చోట వెచ్చన, కింద గడ్డి తగిలే చోట చల్లన. మధ్య గుడ్డుకు ఎక్కువ, అంచు గుడ్డుకు తక్కువ. బాతు ముక్కుతో వాటిని లాగుతూ, నెడుతూ, కాళ్ళతో కదుపుతూ మధ్యవి అంచుకూ అంచువి మధ్యకూ మారుస్తుంది. తిప్పడం వేడి కోసమే అనుకుంటే పొరపాటు. డి.ఎ.టి. న్యూ అనే పరిశోధకుడు 1957లో కోడిగుడ్లను కొన్ని రోజులు తిప్పీ, కొన్ని రోజులు తిప్పకా చూసి, నాలుగు నుంచి ఏడో రోజు దాకా తిప్పడం అన్నిటికన్నా ముఖ్యమని తేల్చాడు. వేడి అన్ని వైపులా సమానంగా ఉన్న యంత్రంలో కూడా ఇంతే. తిప్పకపోతే పిండం చుట్టూ పెరగాల్సిన రక్తనాళాల పొర కుదించుకుపోతుంది, తెల్లసొన సరిగా ఒంటికి పట్టదు, పొరలు అతుక్కుంటాయి. అంటే నెమ్మదిగా జరిగే కదలిక పిండానికి అన్నం పెడుతుంది, లారీలోని అదురు అదే పిండాన్ని చంపుతుంది. పెరుగుదల ఏ దశలో ఉందన్నది, ఊపు ఎంత మెత్తనిదన్నదే తేడా.

పెంకు గట్టిగా కనిపిస్తుంది గానీ అది ఊపిరి తీసుకునే వస్తువు. బఫలో నగరంలోని విశ్వవిద్యాలయంలో హెర్మన్ రాన్, అమోస్ ఆర్, చార్లెస్ పాగనెల్లి 1970లలో దీని మీద చక్కటి లెక్కలు కట్టారు. మామూలు కోడిగుడ్డు పెంకుకు సుమారు 10,000 రంధ్రాలుంటాయి. 21 రోజుల్లో ఆ రంధ్రాల గుండా 6 లీటర్ల ఆక్సిజన్ లోపలికి పోతుంది, 4.5 లీటర్ల కార్బన్ డయాక్సైడ్, 11 లీటర్ల నీటి ఆవిరి బయటికి వస్తాయి. జాతి ఏదైనా, గుడ్డు చిన్నదైనా పెద్దదైనా, పొదిగే కాలంలో దాని బరువులో ఇంచుమించు 15 శాతం నీరుగా పోతుందని వాళ్ళు చూపించారు. 70 గ్రాముల బాతుగుడ్డు పిగిలే నాటికి 10 గ్రాములు తగ్గాలి. ఆ నీరు పోయినంత మేరా గాలి గది పెరుగుతుంది. తగ్గకపోతే లోపల చోటు లేక, తడి ఎక్కువై పిల్ల మునిగిపోతుంది. మరీ తగ్గితే పొర ఎండి పిల్లకు అంటుకుపోతుంది. యంత్రంలో ఈ తూకం కోసం తేమ చూపే ముల్లు వైపు చూస్తూ కూర్చోవాలి. బాతు తడిసిన ఈకలతో వచ్చి కూర్చుంటుంది, లేచినప్పుడు బూరు కప్పి పోతుంది, తన పని తాను చేసుకుపోతుంది. అది తిండి సరిగా తినక చిక్కిపోతూ ఉంటుంది కాబట్టి గూటికి నాలుగడుగుల్లో గింజలూ, తల ముంచేంత లోతు నీళ్ళూ పెట్టడమే మనకు మిగిలిన పని.

25వ రోజు దాటాక వ్యవహారం మారిపోతుంది. అప్పటిదాకా పొరల్లోని రక్తనాళాలతో ఊపిరి తీసుకున్న పిల్ల, ముక్కు మీది చిన్న గట్టి మొనతో లోపలి పొరను చీల్చి, గాలి గదిలోకి ముక్కు పెట్టి మొదటిసారి ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది. టార్చి వేసి చూస్తే గాలి గదిలో ముక్కు నీడ కదులుతూ ఉంటుంది. దారిలో గాలి గది చెదిరిన గుడ్డు ఇన్నాళ్ళూ బాగానే పెరిగి, ఇక్కడికొచ్చి ఓడిపోతుంది. ముక్కు పెట్టాల్సిన చోట గాలి ఉండదు.

గాలి అందిన పిల్ల కూయడం మొదలుపెడుతుంది. పెంకులోంచే. గిల్బర్ట్ గాట్లీబ్ అనే శాస్త్రజ్ఞుడు అమెరికాలోని నార్త్ కరోలినాలో ఏళ్ళ తరబడి బాతు పిండాల మీద పనిచేశాడు. యంత్రంలో పుట్టి, ఎన్నడూ తల్లి గొంతు వినని బాతుపిల్లలు కూడా కోడి పిలుపు కన్నా బాతు పిలుపు వైపే పోతాయని అందరికీ తెలుసు. అది పుట్టుకతో వచ్చిన జ్ఞానమని సరిపెట్టుకున్నారు. గాట్లీబ్ సరిపెట్టుకోలేదు. పుట్టకముందే పిండాల గొంతు మూగబోయేలా చేసి, తోటి గుడ్ల కూతలు కూడా వినపడకుండా విడిగా ఉంచి చూశాడు. అలా పుట్టిన పిల్లలు తమ జాతి పిలుపునూ కోడి పిలుపునూ తేడాగా పట్టుకోలేకపోయాయి. గుడ్డులో ఉన్నప్పుడు పిల్లల కూతల రికార్డు వినిపిస్తే మళ్ళీ పట్టుకోగలిగాయి. అంటే తల్లిని గుర్తుపట్టే చెవిని పిల్ల తన గొంతుతో, పక్క గుడ్ల గొంతులతో తయారుచేసుకుంటోంది. పుట్టుకతో వచ్చిందనే మాటను నేను అప్పటి నుంచి కొంచెం జాగ్రత్తగా వాడుతున్నాను.

తల్లి కూడా ఊరుకోదు. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన ఎకార్డ్ హెస్ గూళ్ళలో మైకులు పెట్టి విన్నాడు. పొదుగు చివరి రోజుల్లో మల్లార్డ్ తల్లి గుడ్లతో సన్నగా మాట్లాడుతుంది, పిల్లలు జవాబిస్తాయి, పిగిలే వేళ దగ్గరపడేకొద్దీ ఆ మాటలు ఎక్కువవుతాయి. గుడ్ల మధ్య కూడా ముచ్చట్లు నడుస్తాయి. ఇంగ్లండులో మార్గరెట్ విన్స్ 1960లలో కౌజుపిట్టల గుడ్లను ఆనించి ఉంచితే వెనకబడ్డ గుడ్లు పక్కవాటి టకటకల చప్పుడుకు త్వరపడి ముందే పిగులుతాయని చూపింది. తపాలాలో వచ్చిన గుడ్లలో కొన్ని నాలుగు రోజుల నాటివి, కొన్ని నిన్నటివి ఉంటాయి. పాత గుడ్డు కాస్త ఆలస్యంగా నడుస్తుంది. ఒకదాన్నొకటి తాకుతూ పొట్ట కింద ఉండడం వల్ల ఆ తేడా కొంత సర్దుకునే వీలుంది. యంత్రంలో గుడ్డుకో గుంత చొప్పున విడిగా ఉంచినప్పుడు అది కుదరదు.

పెంకు మీద మొదటి చీలిక కనిపించాక కూడా బాతుపిల్ల బయటికి రావడానికి ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. చూసేవాళ్ళకు ప్రాణం ఆగదు, గోటితో పెంకు ఒలిచి సాయం చేద్దామనిపిస్తుంది. పిల్ల ఊరికే లేదు. పొరల్లోని రక్తాన్ని వెనక్కి తీసుకుంటోంది, మిగిలిన పచ్చసొనను బొడ్డు గుండా కడుపులోకి లాక్కుంటోంది. తొందరపడి ఒలిస్తే నెత్తురు కారుతుంది.

కడుపులోకి పోయిన ఆ పచ్చసొనే ప్రకృతి ఇచ్చిన రెండో విరామం. దాంతో పిల్ల రెండు మూడు రోజులు తిండీ నీళ్ళూ లేకుండా బతకగలదు. ముందు లేచిన పిల్లలు ఆలస్యంగా లేచే తమ్ముళ్ళ కోసం తల్లి కింద ఎదురుచూడాలి కదా, వాటి చద్దిమూట అది. అమెరికా తపాలా శాఖ 1918లో ఒక రోజు వయసున్న కోడిపిల్లలను పార్సిల్లో తీసుకోవడానికి ఒప్పుకుంది. ఆ వ్యాపారం ఇప్పటికీ నడుస్తోంది, బాతుపిల్లలు కూడా అలాగే ఊళ్ళు దాటుతున్నాయి. గుడ్డును పంపగలిగేది పొదుగు మొదలవకముందు, పిల్లను పంపగలిగేది పుట్టిన వెంటనే. ఈ రెండు కిటికీలనూ గూడు తన సొంత అవసరానికి తెరుచుకుంది: ఒకటి చివరి గుడ్డు కోసం ఆగడానికి, ఇంకొకటి చివరి పిల్ల కోసం ఆగడానికి. తపాలా బండి వాటిలోంచి దూరింది. మధ్యలోని 28 రోజుల్లో అలాంటి కిటికీ లేదు.

లేచిన పిల్లలతో తల్లి ఒకటి రెండు రోజుల్లో గూడు దిగిపోతుంది. లేవని గుడ్లు అక్కడే ఉండిపోతాయి. వాటిని పారేయకముందు పగలగొట్టి చూడడం చాలామందికి ఇష్టముండదు గానీ, ఎక్కడ తప్పిందో చెప్పేవి అవే. గుడ్లు తెప్పించుకున్నవాళ్ళు ఎక్కువగా అనే మాట, "మోసమండీ, పంపినవాడు మగబాతు లేని మంద గుడ్లు అంటగట్టాడు" అని. టార్చికి ఖాళీగా కనపడ్డ గుడ్డు విత్తు లేనిదే కావాలని లేదు. దాన్ని వారంలోపే తీసి పళ్ళెంలో పగలగొడితే, పచ్చసొన మీద చుక్క చిన్నగా, గట్టిగా, అంచులు చెదిరినట్టు ఉంటే విత్తు లేదు. గుండ్రని వలయంలా ఉంటే విత్తు ఉంది, పిండం దారిలోనో, దాచిన రోజుల్లోనో పోయింది. నెత్తుటి వలయం ఉంటే పొదుగు మొదటి వారంలో పోయింది, అక్కడ ఎండనూ, ఆలస్యాన్నీ అనుమానించాలి. పూర్తిగా ఎదిగిన పిల్ల ముక్కు మొన వైపుకు తిరిగి ఉన్నా, గాలి గదిని చేరలేక ఆగిపోయినా అది కుదుపుల పని అయ్యే అవకాశం ఎక్కువ. ఈ వివరాలు రాసి పంపినవాడికి చెబితే తిట్లకన్నా ఎక్కువ ఉపయోగం: తర్వాతి పెట్టెలో మొన కిందికి పెట్టి, గుడ్డుగుడ్డుకూ మధ్య మెత్తన పెంచి, వారం మొదట్లో పంపుతాడు, సెలవు రోజు గోదాములో ఇరుక్కోకుండా. పెంకు మీద తేమ ఊరి, బూడిదరంగు తిరిగి, బరువు తగ్గి వాసన కొడుతున్న గుడ్డును మాత్రం పగలగొట్టి చూడొద్దు. లోపల గ్యాసు పట్టి ఉంటుంది, చేతిలోనే పేలుతుంది. దాన్ని పారతో తీసుకెళ్ళి పెరటి మూల గొయ్యి తీసి పాతేయడమే.